‘పాస్సో అచేర్బో’లో ఆ ‘చే’ తాలవ్యమా, దంత్యమా?

అరసున్న: కొన్నాళ్లుగా ఒక పాదం వదలడం లేదు. వెనిస్ రబ్బీ (యూదుల మతగురువు) లెయోనె మొదెనా, పదమూడేళ్ల వయసులో గురువు పోయారని తెలిసి రాసిన ఎనిమిది పాదాల విలాపం మొదలు. చెవికి ఒకే ధ్వని, చదివితే రెండు భాషలు. ఇటాలియన్‌లో ‘కీ నాషే, మువోర్. ఓయిమే, కే పాస్సో అచేర్బో’: పుట్టినవాడు గిట్టక తప్పదు, అయ్యో, ఎంత చేదు ప్రయాణం. హీబ్రూలో ‘కీనా షెమోర్. ఓయ్, మె కీ పాస్ ఓౘేర్ బో’ అని గుర్తు. కీనా అంటే విలాపగీతం. తక్కినదంతా అతికినట్టు సరిపోతోంది. ఇటాలియన్ ‘చే’ (తాలవ్యం, ‘చెట్టు’లో చ), హీబ్రూ ‘ౘే’ (దంత్యం, ‘చాప’లో చ) మాత్రం కలవడం లేదు. కుర్రవాడు సర్దుకుపోయాడా, లేక అతని చెవికి రెండూ ఒకటేనా?

గోదారిగట్టు: ఒకటే. అతను పలికింది వెనిస్ ఇటాలియన్. 1584 నాటి వెనిస్ వాళ్ల నోట ఎ, ఇల ముందు ‘చ’ మన ౘకారమే. తర్వాత అదీ అరిగి ‘స’ అయింది. కాబట్టి ‘అౘేర్బో’ అని చదవండి, పేచీ ఉండదు.

యతిభంగం: అంత తేలిగ్గా తేలదు గోదారిగట్టు గారూ. అదే పాదం మొదటి సగం చూడండి. ‘నాషే’లోని ‘షే’ ఉంటేనే హీబ్రూ ‘షెమోర్’ నిలుస్తుంది. అది టస్కనీ పలుకు, ఇటాలియన్ గ్రంథభాషకు మూలమైనది. వెనిస్ నోట అది ‘నాసే’ అవుతుంది. ముందు సగానికి టస్కనీ నాలుక, వెనక సగానికి వెనిస్ నాలుక పెట్టుకుని ఏ కవీ రాయడు. పైగా అది ఎనిమిది పాదాల ‘ఒత్తావా’, గ్రంథభాష ఛందస్సు. ‘చే’ తాలవ్యమే. కుర్రవాడు ప్రాసమైత్రి లాంటి, దగ్గరి ధ్వనుల్ని ఒకటిగా చెల్లించే వెసులుబాటు తీసుకున్నాడు.

పినాకిని తీరం: ఇటాలియన్ సంగతి సరే, హీబ్రూ మాత్రం ఎవరిది? వెనిస్ గెట్టోలో, అంటే యూదుల్ని విడిగా ఉంచిన పేటలో, సినగాగులు (యూదుల ప్రార్థనాలయాలు) ఐదు: జర్మన్ యూదులది 1528లో, కాంతోన్ 1532లో, ఇటాలియన్ 1575లో, ఇవి కాక తూర్పు మధ్యధరా నుంచి వచ్చినవాళ్ల లెవాంతీనా, స్పెయిన్ వాళ్ల స్పాన్యోలా. అన్నిటినీ ‘స్కోలా’ అనే పిలిచారు. గుడిని బడి అన్నారన్నమాట. ఏ స్కోలా ఉచ్చారణ దానిదే. జర్మన్ వాళ్లకు ‘ఓౘేర్’లోని ఆ హీబ్రూ అక్షరం ౘ. స్పెయిన్ నుంచి తరిమేస్తే వచ్చినవాళ్లకు స. స్పాన్యోలాలో ఈ పాదం చదివితే ‘ఓసేర్ బో’ అని వినపడేది. మొదెనా ప్రార్థన నడిపింది ఇటాలియన్ స్కోలాలో. ముందు ఏ స్కోలా చెవితో వింటున్నామో తేల్చుకోవాలి.

రోములోనైతే ఇంకా చిత్రం. 1555లో గెట్టో పెట్టిన పోపు ఒక్క సినగాగే ఉండాలన్నాడు. దాంతో ఐదు సమాజాలు ఒకే కప్పు కింద ఐదు స్కోలాలు పెట్టుకున్నాయి: తెంపియో, నువోవా, సిచిలియానా, కాతలానా, కస్తిల్యానా. ఒక గోడకు అటూ ఇటూ ఒకే ప్రార్థన వేర్వేరు యాసల్లో సాగేది. 1893లో అగ్నిప్రమాదం జరిగాక ఆ భవనం మిగల్లేదు.

గోదారిగట్టు: గెట్టో మాట వచ్చింది కనుక అడుగుతున్నా. 1516లో యూదుల్ని పెట్టిన దీవిలో అంతకుముందు రాగి పోతశాల ఉండేది. పోత పోయడం ‘జెత్తారే’. మరి ‘జెత్తో’ కావలసింది ‘గెట్టో’ ఎలా అయింది? ముందుగా వచ్చిన జర్మన్ యూదులకు ఆ ‘జె’ పలకలేదని ఒక వాదం, నాకు అదే నచ్చుతుంది. కన్నడ ‘కివి’ మన దగ్గర ‘చెవి’ అయింది. ఇక్కడ దానికి ఎదురు దారి.

యతిభంగం: అది వాదమే, రుజువు కాదు. ఆ మాటకు ఇంకా నాలుగైదు వ్యుత్పత్తులు ప్రచారంలో ఉన్నాయి. అయితే పోతశాల సంగతికి ఒక బలముంది. ‘గెట్టో నువోవో’ అంటే కొత్తది, అక్కడ యూదులు ముందు చేరారు. ‘గెట్టో వెక్యో’ అంటే పాతది, అక్కడికి 1541లో వెళ్లారు. పాతా కొత్తా పోతశాలలవి, మనుషులవి కావు.

తుమ్మెద: ఇంత మాట్లాడి పింగళి సూరనను ఎవరూ తలవలేదేం? అదే శతాబ్దం. రామాయణ భారతాలు రెండూ ఒకే పద్యంలో నడిపినవాడు. కావ్యం పొడుగునా! మొదెనా ఎనిమిది పాదాలే కదా.

యతిభంగం: సూరనకంటే ముందే వేములవాడ భీమకవి అలాంటిది రాశాడంటారు, దొరకలేదు. కానీ వీటికి పోలిక కుదరదు. సూరనది ఒక భాషలో రెండర్థాలు. మొదెనాకు కావాల్సింది రెండు భాషలు. దగ్గరి చుట్టం భట్టికావ్యం పదమూడో సర్గ: అటు సంస్కృతంగా, ఇటు ప్రాకృతంగా చదవొచ్చు.

తుమ్మెద: సంస్కృతం, ప్రాకృతం తల్లీబిడ్డల్లాంటివి. హీబ్రూ, ఇటాలియన్‌లకు ఏ చుట్టరికమూ లేదు. ఆ లెక్కన పదమూడేళ్ల పిల్లవాడిదే పెద్ద సాహసం. అయినా సూరన శ్లేషలో పదం విరుపు చూడండి, ‘పాస్సో అ’ను ‘పాస్ ఓ’గా విరిచిన తీరు అచ్చం అదే. అక్కడ రెండచ్చుల్లో ఒకటి జారిపోయింది, దాని గురించి ఎవరూ అడగలేదు.

అరసున్న: తుమ్మెద గారూ, ఆ అచ్చు సంధిలో పోయిందనుకున్నా. నా ప్రశ్న ‘చే’ గురించే. చిన్నయసూరి ప్రకారం ఏ కూడిన చ తాలవ్యమే కదా, తెలుగులో రాసేటప్పుడు ‘ౘే’ అని పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

పినాకిని తీరం: ఆ సూత్రం తెలుగు మాటలకు, అరసున్న గారూ. మిగిలిన ఏడు పాదాలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. వాటిలో ఇంకెక్కడైనా ఇటాలియన్ ‘చె’కి ఎదురుగా హీబ్రూ ‘ౘ’ పడిందేమో చూద్దాం.