ప్రాజెక్ట్ జస్టిస్‌లో మేనల్లుడు నా టీమ్-అప్‌ను ప్రతిసారీ ఆపేస్తున్నాడు, ఏం చేయాలి?

పద్మారావునగర్_మామ:
క్యాప్‌కామ్ కంపెనీ పాత ఫైటింగ్ గేమ్‌లను కలిపి ఇచ్చిన క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్ 2 కొన్నది, అందులోని ప్రాజెక్ట్ జస్టిస్ ఒక్కదాని కోసమే. దీని ముందు భాగం రైవల్ స్కూల్స్ మీద అప్పట్లో సికింద్రాబాద్‌లో గంటకింత అని ఆడించే గేమ్ షాపుల్లో నేను పోసిన డబ్బు లెక్క తీస్తే, మా నాన్న ఇప్పుడైనా చెప్పు తీస్తాడు. అందులోని బత్సు, హినాతా అనే క్యారెక్టర్ల జోడీ పట్టానంటే ఎదుటివాడు ప్యాడ్ పక్కన పెట్టేసేవాడు.

ఇప్పుడు ఇంట్లో పరువు పోతోంది. మా అక్క కొడుకు ఇంటర్ సెకండియర్, ఎప్‌సెట్‌కు చదవాల్సినవాడు. నేను పంచ్, కిక్ కలిపి నొక్కి టీమ్-అప్ (టీమ్‌లో ఇంకొకర్ని పిలిచి వేసే జోడీ ఎత్తు) వేయడమే ఆలస్యం, వాడి టీమ్‌లోంచి ఒకడు మధ్యలోకి దూకుతాడు. కొన్ని సెకన్ల చిన్న ఫైటు. అందులో ఒక్క దెబ్బ నాకు తగిలిందా, టీమ్-అప్ గోవిందా. పాత గేమ్‌లో ఈ అడ్డుపుల్లలు లేవు. పైగా "మామా, చాయ్ తాగి రాపో" అంటాడు. దీనికి విరుగుడు చెప్పండి. అలాగే మొదటి గేమ్ ఈ కలెక్షన్‌లో ఎక్కడైనా ఉందా? మెనూ అంతా వెతికాను.

కూకట్‌పల్లి_కాంబో:
లేదన్నా. ఈ సిరీస్ నుంచి ప్రాజెక్ట్ జస్టిస్ ఒక్కటే ఇచ్చారు. విరుగుడు సింపుల్, మీ గేజ్ (ఇలాంటి ఎత్తులకు ఖర్చయ్యే పవర్ మీటర్) కాదు, వాడి గేజ్ చూడండి. అది ఖాళీగా ఉంటే అడ్డం రాలేడు.

మలక్‌పేట_పాత_ప్యాడ్:
పై తమ్ముడు చెప్పింది కరెక్టే. అయితే అన్నా, మీ అసలు తంటా వేరే. మీరు ఇంకా పాత గేమే ఆడుతున్నారు.

1997లో ఆర్కేడ్‌కు (నాణెం వేసి ఆడే మెషీన్లకు) వచ్చిన రైవల్ స్కూల్స్‌లో టీమ్ అంటే ఇద్దరు. గేజ్ తొమ్మిది దాకా నిండేది, టీమ్-అప్‌కు రెండు పోయేవి. అంటే చేతిలో ఎప్పుడూ చిల్లర ఉన్నట్టే, ఒకటి తప్పినా ఇంకోటి వేసుకోవచ్చు. 2000లో వచ్చిన దీంట్లో టీమ్‌కు ముగ్గురు, గేజ్ ఐదే. ముగ్గురూ కలిసి కొట్టే పార్టీ-అప్‌కు ఆ ఐదూ ఖర్చు. కాబట్టి గేజ్ రెండుకు రాగానే టీమ్-అప్ మీద పడే అలవాటు మానండి. మేనల్లుడు దానికోసమే కాచుకుని ఉంటాడు.

వాడు దూకినా భయపడనక్కర్లేదు. ఆ చిన్న ఫైట్‌లో తొందర వాడిది, మీది కాదు. టైమ్ అయ్యేలోపు మిమ్మల్ని కొట్టలేకపోతే మీ టీమ్-అప్ మామూలుగా నడిచిపోతుంది. గార్డ్ పట్టుకుని వెనక్కి జరగండి. ఎగబడి కొట్టబోతే వాడికి కావాల్సింది మీరే ఇచ్చినట్టు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు సాయంత్రాలు ఒక గేమ్ షాపులో కౌంటర్ చూసుకునేవాణ్ని, ఇదంతా అక్కడ నేర్చిందే. మా దగ్గర ప్లేస్టేషన్‌ను తలకిందులు చేసి పెడితే గానీ సీడీ చదివేది కాదు. మూత తీసి, డిస్క్ తిప్పి చూసి, బనీను అంచుతో తుడిచి మళ్లీ పెట్టేవాణ్ని. ఎక్స్ బటన్ మీద గుర్తు అరిగిపోయి నున్నగా అయ్యేది. రైవల్ స్కూల్స్‌కు రెండు సీడీలు, ఒకటి ఆర్కేడ్, ఇంకోటి ఎవల్యూషన్. రెండో దాంట్లో రాబెర్టో అనే ఫుట్‌బాల్ ప్లేయర్‌తో పెనాల్టీలు కొట్టే చిన్న ఆట ఉండేది. ఫైటింగ్ చేతకాని పిల్లలు దాని కోసమే వచ్చేవారు. జపాన్ వాళ్లకైతే స్కూల్ జీవితం గడుపుతూ సొంత క్యారెక్టర్‌ను పెంచుకునే మోడ్ ఒకటి ఇచ్చారు, ఇంగ్లీష్ వెర్షన్‌కు వచ్చేసరికి ఎగ్గొట్టారు. క్యాప్‌కామ్ మీద నాకు ఆ కోపం ఇంకా ఉంది.

సైదాబాద్_నర్సు:
ఇంతమంది ఇన్ని చెప్పారు, క్యోకో పేరు ఎవరూ ఎత్తలేదేంటి? జస్టిస్ హై స్కూల్ నర్సు. ఆమెను పక్కన పెట్టుకుని టీమ్-అప్ వేస్తే ఎదుటివాణ్ని కొట్టదు, మీ ఎముకలు టకటకమని విరిచి సర్ది లైఫ్ పెంచుతుంది. రోజంతా వార్డులో నిలబడి ఇంటికొచ్చాక అది చూస్తుంటే ఎంత హాయో! లైఫ్ సగం పోయినప్పుడు దానికి మించింది లేదు. మా తమ్ముడు అకీరా ఫ్యాన్, హెల్మెట్ పెట్టుకుని అన్నను వెతుకుతూ గేడో హై అనే స్కూల్లోకి దూరే పిల్ల. స్టైల్ సంగతి సరే, ఓడిపోయేది మాత్రం ఎప్పుడూ వాడే.

పద్మారావునగర్_మామ:
థాంక్స్ అందరికీ. రాత్రి ఆడి చూశాం. వాడి గేజ్ ఖాళీ అయ్యేదాకా ఆగి వేస్తే నిజంగానే తగులుతోంది. గార్డ్ పట్టి వెనక్కి జరగడం ఇంకా చేతికి రాలేదు, వేలు దానంతటదే పంచ్ మీదకు పోతోంది. ఇక బత్సు, హినాతాతో పాటు మూడోవాడిగా క్యోసుకేను తీసేసి క్యోకోను పెట్టాను. వాడు చూసి, "ఒకే స్కూల్ వాళ్లనే పెట్టాలి, పక్క స్కూల్ నర్సును తెస్తే ఒప్పుకోను" అని కొత్త రూల్ తీశాడు. గేమ్ ఒప్పుకుంటే వీడి పర్మిషన్ ఎందుకు? మీ ఇళ్లలో ఎలా ఆడతారు, ఒకే స్కూలా, కలగాపులగమా?

మలక్‌పేట_పాత_ప్యాడ్:
కలగాపులగమే అన్నా. ఓడిపోతున్నప్పుడే రూల్స్ గుర్తొస్తాయి, వాడికి మొదలైంది. క్యోకోను మార్చకండి.