చలి మా రొయ్యల గుంటలకు ఎప్పుడు తగులుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర రెండెకరాల గుంట, వనామి రకం రొయ్య, పిల్ల వదిలి 48వ రోజు. నీటి లోతు నాలుగున్నర అడుగులు. తెల్లవారి 5:30కి, మధ్యాహ్నం 3కి థర్మామీటర్ పెట్టి నీటి వేడి రాసుకుంటున్నాను.

ఈ నెల 8న ఉత్తరాదిలో చలిగాలులని టీవీలో విని మేత మూడో వంతు తగ్గించాను. నీళ్లు మాత్రం 26 డిగ్రీల దగ్గరే నిలిచాయి. ఆ రోజుల్లో మబ్బు, సముద్రం మీద నుంచి ఈశాన్య గాలి. తీరా 13న చలి మాటే ఎక్కడా వినలేదు. రాత్రంతా ఆకాశం తేట, ఆకు కదల్లేదు, అంతకుముందు పగలు గాలి పడమటి నుంచి పొడిగా వీచింది. తెల్లారేసరికి నీళ్లు 23. రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది. రొయ్య పిల్ల నీరసపడితే ఆ బాధ పెంచేవాళ్లకే తెలుసు.

ఫోన్‌లో నెల్లూరు టౌన్ వేడి చూశాను, మా తీరానికి కుదర్లేదు. ధ్రువాల చలిగాలి వార్తలూ వెతికాను. 2021 ఫిబ్రవరిలో అది అమెరికాలో టెక్సాస్ దాకా దిగింది, అక్కడ అడ్డంగా కొండల్లేవు. మనకు హిమాలయాలు అడ్డు. మన దాకా వచ్చేది వెస్టర్న్ డిస్టర్బెన్స్ (చలికాలంలో పడమటి నుంచి వచ్చి ఉత్తరాదిలో వాన, మంచు కురిపించేది) దాటాక వాయవ్యం నుంచి దిగే పొడిగాలేనని చదివాను. అదే గాలి బంగాళాఖాతం మీదుగా తిరిగొస్తే వెచ్చబడుతుందట.

తీరంలో గుంటలు చేసేవాళ్లు గానీ వాతావరణం తెలిసినవాళ్లు గానీ చెప్పండి: నీళ్లు 24 కంటే దిగుతాయని రెండు రోజుల ముందే పసిగట్టాలంటే గాలి దిక్కు, తేమ, మబ్బు, వీటిలో దేన్ని నమ్మాలి?