పైథాన్ 3.12లో నమ్‌పై 1.23.5 ఎక్కడం లేదు, డిస్ట్‌యుటిల్స్ లేదంటోంది

ప్రశ్న:
వరి ఆకుల ఫొటో చూసి తెగులు గుర్తుపట్టే ప్రాజెక్టు మాది. కోడ్ మా సీనియర్ రాసిపెట్టి వెళ్లారు. అందులో లెక్కలు చేసే లైబ్రరీ నమ్‌పై 1.23.5 కావాలని ఉంది. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04, దాంతో వచ్చిన పైథాన్ 3.12. పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) ఎక్కిస్తే తెర నిండా ఎర్ర అక్షరాలు, చివర్లో ‘నో మాడ్యూల్ నేమ్డ్ డిస్ట్‌యుటిల్స్’. వెన్వ్‌లో (ప్రాజెక్టుకి విడిగా చేసుకునే పైథాన్ ఎన్విరాన్‌మెంట్) సెటప్‌టూల్స్ (ప్యాకేజీలు బిల్డ్ చేసే టూల్) పెట్టాను, సీ కంపైలర్ జీసీసీ కూడా పెట్టాను. అయినా అదే ఎర్రర్. రాత్రి రెండింటి దాకా దీంతోనే సరిపోయింది. సోమవారం మా గైడ్‌కి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
జీసీసీ సంగతి పక్కన పెట్టండి, మీ బిల్డ్ అక్కడిదాకా పోనేలేదు. ఎర్రర్‌ని పైనుంచి చదవండి. మొదట్లోనే నమ్‌పై ఫైలు దించుకునే వరుసలో ఆ ఫైలు పేరు చివర టార్.జీజెడ్ అని ఉంటుంది. అంటే 3.12కి సరిపడే వీల్ (ముందే బిల్డ్ చేసిపెట్టిన ప్యాకేజీ) దొరక్క, పిప్ సోర్స్ కోడ్ దించుకుని మీ దగ్గరే బిల్డ్ చేయబోయిందన్నమాట. నమ్‌పైకి 3.12 వీల్స్ 1.26 నుంచే ఉన్నాయి.

మీరు పెట్టిన సెటప్‌టూల్స్ ఎందుకు పనికిరాలేదంటే, బిల్డ్ చేసేటప్పుడు పిప్ మీ వెన్వ్ వైపు చూడదు. విడిగా తాత్కాలిక ఎన్విరాన్‌మెంట్ చేసుకుని, ప్యాకేజీ ఏ వెర్షన్ అడిగితే అదే తెచ్చుకుంటుంది. ఈ నమ్‌పై అడిగేది సెటప్‌టూల్స్ 59.2.0. అది పైథాన్‌తో పాటే వచ్చే డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలు బిల్డ్ చేసే పాత మాడ్యూల్) కోసం వెతుకుతుంది. 2023 అక్టోబరులో వచ్చిన 3.12 నుంచి దాన్ని తీసేశారు. ఇది తెలియక నేనూ ఒక ఆదివారమంతా సెటప్‌టూల్స్ వెర్షన్లు మారుస్తూ కూర్చున్నాను.

డెడ్‌స్నేక్స్ పీపీఏ (ఉబుంటుకి వేరే పైథాన్ వెర్షన్లు ఇచ్చే రిపాజిటరీ) నుంచి 3.11, దాని వెన్వ్ ప్యాకేజీ పెట్టుకుని కొత్త వెన్వ్ చేసుకోండి. ఉబుంటుతో వచ్చిన పైథాన్‌ని మాత్రం తీసేయొద్దు, సిస్టమ్ పనులు చాలా దాని మీదే నడుస్తాయి.

ఇంకొకరి జవాబు:
పిప్‌కి ‘ఓన్లీ బైనరీ’ ఆప్షన్ ఇస్తే వీల్ లేదన్న సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. తర్వాత తీరిగ్గా 1.26కి మారండి. కోడ్‌లో ‘ఎన్‌పీ.ఫ్లోట్’ అని ఉంటే మార్చుకోవాలి, 1.24లో ఆ పేరు తీసేశారు.

అడిగినవారు:
అన్నా, 3.11లో నమ్‌పై క్షణాల్లో దిగింది. ఇప్పుడు సీనియర్ రాసిన సైథాన్ ఫైలు (సీ కోడ్‌గా మార్చి కంపైల్ చేసేది) దగ్గర ఆగింది: ‘పైథాన్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. పైథాన్3-డెవ్ పెట్టాను, అయినా అంతే.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఇప్పుడు నిజంగా జీసీసీ దాకా వచ్చారు. పైథాన్3-డెవ్ ఇచ్చేది 3.12 హెడర్లు (పైథాన్.హెచ్ లాంటి ఫైళ్లు). మీకు కావాల్సింది పైథాన్3.11-డెవ్. అది పెట్టి, పాత బిల్డ్ ఫోల్డర్ తీసేసి మళ్లీ చేయండి.

అడిగినవారు:
అయింది అన్నా! తయారైన ఫైలు పేరులో సీపైథాన్-311 అని కనిపించింది. మొదటి ఫొటో పెట్టగానే అగ్గి తెగులని సరిగ్గా చెప్పింది.