అమ్మకు అద్దాలు లేకుండనే దగ్గరిది కనవడుతున్నది, దూరం మసక. కొత్త అద్దాలు చేయించాల్నా?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

మా అమ్మకు 61 ఏండ్లు, షుగర్ 9 ఏండ్ల సంది ఉన్నది. 2023ల కంటి వెలుగు క్యాంపుల ఇచ్చిన +2.50 రీడింగ్ అద్దాలే వాడుతుండె. రెండు నెలల సంది అద్దాలు పెట్టుకోకుండనే చాటల బియ్యం ఏరుతున్నది. చూపు మంచిగైందని సంబురపడ్డది. కానీ బస్సు బోర్డు దగ్గరికొచ్చేదాక చదవలేకపోతున్నది. రాత్రి ఎదురొచ్చే బండి లైట్లు చెదిరినట్టు కనవడుతున్నయంట. అద్దాల షాపుల కుడి కన్ను -2.25, ఎడమ -0.75 అన్నరు. ఇదివరకు దూరానికి పవరే లేకుండె. బైఫోకల్ (పైన దూరానికి, కింద దగ్గరికి పవరుండే అద్దాలు) చేయించమంటున్నరు.

జవాబు 1

ఇప్పుడే చేయించకండి తమ్ముడూ. ఈ వయసులో దగ్గరి చూపు తిరిగి వచ్చిందంటే కన్ను బాగుపడ్డట్టు కాదు. కంటిలోపలి లెన్స్ నడిమి భాగం గట్టిపడి పసుపెక్కితే వెలుతురును ఎక్కువ వంచుతుంది, దాంతో మైనస్ పవర్ వస్తది, అంటే దగ్గరిది తేట, దూరం మసక. శుక్లం మొదలయ్యే తీరుల్లో ఇదొకటి. లైట్లు చెదరడం కూడా దానికి సరిపోతున్నది.

లెక్క చూడండి. 100ని 2.25తో భాగిస్తే సుమారు 44. అద్దం లేకుండా అమ్మ కుడి కన్నుకు స్పష్టంగా కనబడేది 44 సెంటీమీటర్ల దగ్గర. ఒళ్లో చాట పెట్టుకుంటే బియ్యం ఉండేది దాదాపు అంతే దూరంలో. కుడి కన్ను మూసి పేపర్ చదివించండి. తడబడితే, ఇన్ని రోజులు చదివింది ఒక్క కుడి కన్నే.

రెండో అనుమానం షుగర్. అది బాగా పెరిగినా లెన్స్ ఉబ్బి పవర్ మారుతుంది. కానీ అట్లయితే మామూలుగా రెండు కండ్లూ ఇంచుమించు ఒకే తీరుగ మారుతయి. ఇక్కడ తేడా 1.50 ఉన్నది కాబట్టి నాకు శుక్లం మీదనే అనుమానం. అయినా పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి. షుగర్ అదుపులోకి వచ్చి నాలుగైదు వారాలు నిలకడగ ఉన్నంకనే పవర్ చూపించాలె. లేకుంటే ఇయ్యాల కొన్న అద్దం వచ్చే నెల పనికిరాదు.

జవాబు 2

పై మాట సరైనదే. ఇంట్లో చేసే పరీక్ష ఒకటి: పోస్టుకార్డు లాంటి గట్టి అట్టకు మిల్లీమీటరు బెజ్జం పెట్టండి. 20 అడుగుల దూరంలో గోడ క్యాలెండర్ తేదీలను ఒక్కో కన్నుతో బెజ్జంలోంచి చూపించండి. తేట పడితే లోపం చాలావరకు పవర్‌దే. తేట పడకుంటే లెన్స్ మసకబారడమో, కంటి వెనక పొర అయిన రెటీనా సమస్యనో ఉండొచ్చు. ఇది దారి చూపుతది గానీ డాక్టర్ పరీక్షకు బదులు కాదు.

తొమ్మిదేండ్ల షుగర్ ఉన్న మనిషికి ఏడాదికోసారి కంటిపాప పెద్దగయ్యే చుక్కలు వేసి రెటీనా చూడాలె. అద్దాల షాపుల మిషన్ పవర్ మాత్రమే చెప్తది, రెటీనాను చూడదు. నల్గొండ ప్రభుత్వ ఆస్పత్రికి గానీ, హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆస్పత్రికి గానీ తీసుకపోండి. కంటి ప్రెషర్ కూడా చూడమని అడగండి. చుక్కలు వేసినంక నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గరిది మసకగ ఉంటది, ఎండ గుచ్చుతది. నల్ల అద్దాలు, తోడుకు ఒక మనిషి ఉండాలె.

అడిగినవారు

శుక్లమైతే ముదిరినంక చేయించుకుంటా అంటున్నది అమ్మ. ఆగొచ్చా?

జవాబు 1

ముదరాలన్నది పాత పద్ధతి నాటి మాట. ఇప్పుడు రోజు పనికి అడ్డం వచ్చినప్పుడు చేస్తరు. మరీ ముదిరితే లెన్స్ రాయిలా గట్టిపడి ఆపరేషన్ కష్టమైతది. కొందరికి లెన్స్ ఉబ్బి కంటి ప్రెషర్ ఒక్కసారిగ పెరుగుతది, నొప్పితో పరుగెత్తాల్సి వస్తది.

ఒక్క మాట మాత్రం ముందే డాక్టర్‌తో తేల్చుకోండి. ఆపరేషన్‌ల పాత లెన్స్ తీసి పెట్టే మామూలు కృత్రిమ లెన్స్‌ను ఒక దూరానికే సెట్ చేస్తరు, సాధారణంగ దూరపు చూపుకు. అంటే ఇప్పుడు అద్దం లేకుండ ఏరుతున్న బియ్యానికి మళ్లీ రీడింగ్ అద్దాలు కావాలె. ఇది చెప్పకపోతే "ఆపరేషన్ చెడింది" అని అమ్మ బాధపడ్తది. కొత్త అద్దాల చీటీ ఆపరేషన్ అయిన నెల నుంచి ఆరు వారాలకు రాయించుకోండి. పాత +2.50 అద్దాలు పారెయ్యకండి, దగ్గరి పనికి అవే సరిపోవచ్చు.