శ్రీనాథుని ఓడల పద్యంలో ‘తెప్పించు’: తిప్పయ్య శెట్టిని నావికుడు అనవచ్చునా?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక ఉపాధ్యాయులు)

మా పాఠశాలలో తెలుగువారి సముద్ర వ్యాపారం మీద ప్రసంగం చేయవలసి ఉండి, శ్రీనాథుని హరవిలాస కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్య శెట్టిని ‘సముద్రాలు దాటిన తెలుగు నావికుడు’ అని రాసుకున్నాను. సహోపాధ్యాయులు ఒకరు ఆ మాటకు ఒప్పుకోలేదు. పద్యం ఇది:

తరుణాసీరి తవాయి గోవ రమణాస్థానంబులం జందనా
గరు కర్పూర హిమాంబు కుంకుమ రజఃకస్తూరికా ద్రవ్యముల్
శరధిం గప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్లఁ దెప్పించు నే
ర్పరియై వైశ్యకులోత్తముం డవచి తిప్పం డల్పుఁడే యిమ్మహిన్

ఇన్ని రేవుల పేర్లూ ఇన్ని ఓడల పేర్లూ కవి చెబుతుండగా నావికుడు అనడంలో తప్పేమిటో పెద్దలు చెప్పగలరు.

జవాబు (విజయవాడ నుంచి)

మాస్టారూ, నేను మీ సహోపాధ్యాయుల పక్షమే. కవి ‘తెచ్చు నేర్పరి’ అనలేదు, ‘తెప్పించు నేర్పరి’ అన్నాడు. అది ప్రేరణార్థకం. అశోకుడు చెట్లు నాటించెను అని చిన్నప్పుడు వల్లె వేసిన మనకు ఆ ‘ఇంచు’ ఏమి చేస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. చెట్టు నాటిన చెయ్యి వేరు, నాటించిన మాట వేరు. కొండవీటి కుమారగిరి రెడ్డి ఏలుబడిలో, అంటే 1386 నుంచి 1402 వరకు సాగిన ఆ కాలంలో, రాచనగరుకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన తిప్పయ్య శెట్టి నేర్పు ఏ సరుకు ఏ రేవులో దొరుకుతుందో, దాన్ని ఏ ఓడకు ఎత్తించాలో తెలియడంలో ఉన్నది కాని చుక్కాని పట్టడంలో ఉన్నదని పద్యం ఎక్కడా చెప్పడం లేదు.

ఈ తేడా మన భాషలకు కొత్తది కాదు. అమరకోశంలో ‘సాంయాత్రికః పోతవణిక్ కర్ణధారస్తు నావికః’ అని ఉన్నది. ఓడల మీద వ్యాపారం చేసేవాడు సాంయాత్రికుడు, చుక్కాని పట్టేవాడు నావికుడు. ఆ వెంటనే ఓడను నడిపే నియామకులను, పోతవాహులను వేరుగా లెక్కపెట్టి, తెరచాప కొయ్యకు కూడా ఒక పేరు చెప్పాడు. పనిని బట్టి మనిషికి పేరు పెట్టిన నిఘంటువు అది. దాని ప్రకారం మీ తిప్పయ్య శెట్టి సాంయాత్రికుడే అవుతాడు.

ఇక మూడో పాదం. నేను చదువుకున్న టీకలో ఆ మాటలన్నిటికీ కలిపి ‘ఓడ విశేషములు’ అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. పద్యానికి ప్రాణమంతా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. కప్పలి అనేది తమిళుల కప్పల్. జోంగు మలయా వారి పెద్ద ఓడ పేరు, ఇంగ్లీషువారు జంక్ అనేది దాన్నే. సమ్మను అన్నది తూర్పు సముద్రాల సంపానుకు దగ్గరగా వినిపిస్తుంది. తరుణాసీరి, తవాయి కూడా బర్మా తీరపు టెనాసెరిం, టవాయి రేవులే. రమణ అంటే పెగూ ప్రాంతపు మోన్ దేశం. ఈ మాటలు సంస్కృత కావ్యాలలో నుంచి వచ్చినవి కావు, రేవులో బస్తాలు దించినవాళ్ల నోళ్ల నుంచి వచ్చినవి. ఓడ మీద పని చేసిన మనిషి పేరు పద్యంలో ఎక్కడా లేకపోయినా, అతడు పలికిన మాట మాత్రం ఈ పద్యపు ఛందస్సయిన మత్తేభం గణాలలో చక్కగా ఇమిడి కూర్చున్నది.

ఇటువంటి మాటలు మన ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. పున్నమి ఘాట్‌లో లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటాము. అది ‘సర్‌హంగ్’ అన్న పారసీ మాట, నాయకుడని అర్థం. బెజవాడ రైల్వే షెడ్లలో ఖలాసీ అనే ఉద్యోగం పేరు ఓడ దిగి పట్టాలెక్కినదే. మా ఇంటి పక్కన పదవీ విరమణ చేసిన ఖలాసీగారు ఒకరున్నారు. ఆ మాట ఒకప్పుడు ఓడ మీది పనివాడి పేరని చెబితే, ‘మాకు నీళ్లతో పని ఇంజన్ కడిగేటప్పుడే’ అని నవ్వారు.

అదే గుంటూరు ఉపాధ్యాయులు

మీ వాదం బాగున్నది గాని, హరవిలాసపు పీఠికలోనే అదే కుటుంబపు చామిసెట్టి గురించిన సీసంలో ‘సింహళంబున గంధసింధురంబులు దెచ్చి, హురుమంజి బలుతేజి హరులు దెచ్చి’ అని వరుసగా ఎనిమిది సార్లు ‘తెచ్చి’ అనే ఉన్నది. అక్కడ ఇంచు లేదు. అయితే మత్తేభంలోని ‘తెప్పించు’ గణాల కోసం వచ్చినదనుకోవచ్చు గదా!

జవాబు (విజయవాడ నుంచి)

మంచి చోటే పట్టుకున్నారు. ఒక్క ‘ఇంచు’ మీదనే మేడ కట్టకూడదని ఒప్పుకుంటున్నాను. అయితే సీసంలోని ‘తెచ్చి’ని మన వాడుకను బట్టి చదవండి. ఒక్క ఇటుకైనా ముట్టుకోనివాడు ‘ఇల్లు కట్టాను’ అంటాడు. అదే మనిషి పొలం దగ్గరకు వచ్చేసరికి ‘నాట్లు వేయించాను, కోత కోయించాను’ అని జాగ్రత్తగా అంటాడు, ఎందుకంటే అక్కడ కూలివాళ్లు కళ్లెదుట ఉంటారు. దుగ్గిరాల కాలువ మీద పడవలు తిరిగిన రోజులలో ధాన్యం వ్యాపారం చేసిన మా తాతయ్య ‘మద్రాసుకు బియ్యం తోలించాను’ అనేవాడు తప్ప ‘తోలాను’ అనేవాడు కాడు. గాలి లేనప్పుడు తాడు భుజాన వేసుకుని గట్టు వెంబడి పడవను లాగుకుంటూ పోయే మనుషులను ఆయన రోజూ చూసినవాడు. హురుమంజి గుర్రాన్నే తీసుకోండి. హర్మూజ్ నుంచి అది బతికి రావాలంటే మేత, మంచినీళ్లు, రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ‘తెచ్చి’ అన్న రెండక్షరాలలో ఆ మనిషి కనిపించకుండా పోయాడు, ‘తెప్పించు’లో కాస్త కనిపిస్తున్నాడు.

మీ వాక్యంలోని ‘తెలుగు’ అన్న విశేషణం గురించి కూడా ఒక మాట. శెట్టి తెలుగువాడే, సందేహం లేదు. ఆ ఓడలు ఎవరివో పద్యం చెప్పడం లేదు, పేర్లు చూస్తే ఎక్కువగా పొరుగు తీరాలవే. ఆనాటి రేవుల తీరు కూడా అదే. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం సకల ద్వీపాల నుంచి, దేశాల నుంచి వచ్చిపోయే ఓడ వర్తకులందరికీ ఇచ్చినది. పూర్వపు రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకంతా బలవంతంగా తీసుకునేవారని, తాను మాత్రం ముప్పైలో ఒక వంతు సుంకమే పుచ్చుకుని మిగిలినది వర్తకులకు విడిచిపెడతానని ఆయన చెప్పుకున్నాడు. ‘మనవాళ్ల ఓడ, పరాయివాళ్ల ఓడ’ అన్న విభజన ఆ అభయంలో లేదు. ఈనాటి జాతి గర్వాన్ని ఆ రేవులో దించడానికి నాకు చెయ్యి రాదు.

మీకు కావలసిన తెలుగు మాట తెలుగులోనే ఉన్నది: ఓడబేహారి, అంటే ఓడల మీద వ్యాపారం చేసేవాడు. సముద్రమూ పోదు, అబద్ధమూ రాదు.

అదే గుంటూరు ఉపాధ్యాయులు

ఓడబేహారి అనే మార్చుకున్నాను, సహోపాధ్యాయులకు చూపించాను కూడా. వేదిక వెనుక కట్టే ఫ్లెక్సీ మాత్రం నిన్ననే అచ్చయి వచ్చింది. దాని మీద ‘నావికుడు’ అనే ఉన్నది.