నమూనా సీసాకూ సెన్సరుకూ లెక్క కలవడం లేదు

కెరటం:
సముద్రపు నీటి లవణీయతను (ఉప్పు ఎంతుందో) కొలిచే సెన్సరును సరిచూడటానికి, నిస్కిన్ తరహాలో, అంటే తెరిచి దింపి కావలసిన లోతులో మూసి అక్కడి నీటిని పైకి తెచ్చే రెండు లీటర్ల సీసా సొంతంగా చేసుకున్నాను. రెండు కొనలకూ మూతలు, వాటిని లాగి మూసే రబ్బరు లోపల. మూడు సార్లు దింపాను. ఆ నీటిని సాలినోమీటరులో (లవణీయతను కచ్చితంగా కొలిచే పరికరం) చూస్తే ప్రతిసారీ సెన్సరు కంటే 0.02 తక్కువే వచ్చింది. పై పొరల్లో ఉప్పు తక్కువగా ఉండే చోటు ఇది. సెన్సరును దిద్దాలా?

ఉప్పుగాలి:
దయచేసి ఇప్పుడే దిద్దకండి. నీరు ఆవిరైనా, మూతి దగ్గర ఎండిన ఉప్పు రాలినా అంకె పెరుగుతుంది. మీకు తగ్గింది. పైకి వచ్చేటప్పుడు బయటి నీరు చొరబడుతోందని నా అనుమానం. సీసా ఓడ మీదికి రాగానే గాలిని లోపలికి వదిలే పై మరను తిప్పకుండా కింది కుళాయి మాత్రమే తెరవండి. మూతలు గట్టిగా పట్టుకుని ఉంటే నాలుగు చుక్కలు పడి ఆగిపోతాయి. ధార ఆగకపోతే గాలి ఎక్కడినుంచో దూరుతున్నట్టే. నాకు ఒకసారి ఓ-రింగు (మూతను బిగువుగా మూసే రబ్బరు వలయం) గాడిలో ఒకే ఒక్క వెంట్రుక కనిపించింది. ఆ సీసా ఇచ్చిన అంకెలన్నీ వదులుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

లోతుమనిషి:
మూతి సీసా గొట్టమంత వెడల్పు ఉందా? సన్నగా ఉంటే పై నీటినే లోతుకు మోసుకుపోతుంది. మూసే ముందు అదే లోతులో కనీసం ఒక నిమిషం ఆగండి. సీసాను మోసే చట్రం తన వెంట లాక్కొచ్చిన నీరు తొలగిపోవాలి. సెన్సరును సీసా నడిమి ఎత్తులో బిగించండి. ఉప్పు వేగంగా మారే పొరలో అర మీటరు తేడా కూడా అంకెను చెడగొడుతుంది, అందుకే పోలికకు నిలకడైన పొరనే ఎంచుకోవాలి.

నీలిగొట్టం:
ఆక్సిజన్ కూడా కొలిచేటట్టయితే ఆ నమూనా అన్నిటికంటే ముందు పట్టాలి. సన్న గొట్టాన్ని గాజుసీసా అడుగుకు ఆనించి, బుడగ లేకుండా పొర్లిపోనివ్వండి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే 1888 నాటి వింక్లర్ పద్ధతినే ఆక్సిజన్ సెన్సర్లను సరిచూడటానికి ఇప్పటికీ నమ్ముతాం. ఒక్క బుడగ చాలు, ఆ నమ్మకం పోతుంది. లవణీయత సీసాను అదే నీటితో మూడు సార్లు కడిగి నింపండి. లోపలి రబ్బరు మామూలుదైతే మార్చేయండి. అది ప్లవకాలకు (నీటిలో తేలాడే చిన్న జీవులకు) హాని చేస్తుంది, లోహాల కొలతనూ పాడుచేస్తుంది.

కెరటం:
ఉప్పుగాలి గారూ, మీరు చెప్పినట్టే చూశాను. ధార ఆగలేదు. రబ్బరు ఒక పక్కకు లాగడంతో పై మూత గోరంత ఒరిగి కూర్చుంటోంది. కొక్కేన్ని మూత నడిమికి మార్చి, ఓ-రింగు కొత్తది వేశాను. ఇప్పుడు చివరి చుక్క కుళాయికి వేలాడుతూ నిలిచిపోతోంది! తేడా 0.003కి దిగింది. రేపు ఒకే లోతులో రెండు సీసాలు మూసి, అవి రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయో లేదో చూస్తాను. అంతవరకు సెన్సరును ముట్టుకోను.