మార్చిలో పులికాట్ రోడ్డుపై సైకిలు ప్రయాణం: గైడు అవసరమా?

ప్రశ్న: నమస్కారం. మార్చి మూడవ వారంలో మేము నలుగురం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డుపై సైకిళ్ల మీద వెళ్లి పులికాట్ పక్షులను చూడాలనుకుంటున్నాము. రోడ్డు ఒక్కటే కాబట్టి గైడు ఎందుకని మాలో ఇద్దరి వాదన. అప్పటికి వలస పక్షులు మిగిలి ఉంటాయా? ఏ వేళకు బయలుదేరితే మంచిది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: తప్పకుండా వెళ్లండి. ఫ్లెమింగోల కోసం అందరూ చలికాలంలోనే వస్తారు గాని, నా దృష్టిలో తీరపు చిన్న పక్షులను చూడడానికి మార్చిని మించిన నెల లేదు. శీతకాలమంతా బూడిద రంగులో ఉండి ఒకదానికొకటి పోల్చుకోలేకుండా ఉండే ఉల్లంకి జాతి పక్షులు ఉత్తరాదికి బయలుదేరే ముందు ఈకలు మార్చుకుంటాయి. నల్లతోక గాడ్విట్ మెడ, రొమ్ము ఇటుక రంగుకు తిరుగుతాయి. సైబీరియా ఉత్తరపు అంచున గూడు కట్టే కర్ల్యూ శాండ్‌పైపర్ పొట్ట కూడా అలాగే ఎర్రబడుతుంది.

గైడును పెట్టుకోవాలనే నా సలహా. రోడ్డు ఒక్కటే అయినా నీరు ఒక్కచోట ఉండదు. పులికాట్ లోతు తక్కువ ఉప్పునీటి సరస్సు కావడంతో వేసవి దగ్గరపడేకొద్దీ నీరు వెనక్కి తగ్గుతుంది, పక్షులు ఆ తడి బురద అంచు వెంటే జరుగుతూ పోతాయి. ఈ వారం ఆ అంచు ఎక్కడుందో అక్కడివారికే తెలుస్తుంది. ఆ దారిలోనే ఉన్న అటకానితిప్ప వద్ద అటవీశాఖ కేంద్రంలో ముందుగా విచారించండి.

ఇంకొక కారణం నాకు మరింత ముఖ్యమైనది. మార్చిలో పక్షులు వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఒంట్లో కొవ్వు నిల్వ చేసుకుంటుంటాయి కాబట్టి, వాటిని ఒకసారి అనవసరంగా లేపితే మేత సమయంతో పాటు కూడబెట్టుకున్న శక్తి కూడా పోతుంది. సాగిపోయే సైకిలును అవి అంతగా పట్టించుకోవు, మనిషి దిగి గట్టు కిందికి నడిస్తేనే బెదురుతాయి. మేత మాని తల ఎత్తాయంటే మనం అప్పటికే దగ్గరికి వచ్చేశామని అర్థం. ఎక్కడ ఆగాలో తెలిసిన గైడు ఈ పొరపాటు జరగనివ్వడు.

తెల్లవారుతుండగానే బయలుదేరండి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురుగా వీస్తుంది, దారిలో నీడ కూడా ఉండదు. ఎండ ఎక్కాక రోడ్డుకు ఉత్తరం వైపు చూస్తే సూర్యుడు మీ వెనుక ఉంటాడు కనుక రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. శ్రీహరికోట తనిఖీ కేంద్రం దాటడానికి అనుమతి కావాలి, అందువల్ల ఆ లోపే వెనుదిరగండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున రోడ్డు రద్దీగా ఉంటుంది, తేదీ చూసుకోండి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. అదే రోజున నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రానికి కూడా సైకిళ్లపై వెళ్లవచ్చా?

సమాధానం: వద్దండీ. అది సూళ్లూరుపేటకు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరం, లారీలు తిరిగే జాతీయ రహదారి మీదుగా వెళ్లాలి. సైకిళ్లను బసలో ఉంచి వాహనంలో వెళ్లండి. అక్కడి గూడబాతులు నీటిలో నిలిచిన చెట్లపై గూళ్లు కడతాయి, మార్చి నాటికి పిల్లలు చాలావరకు పెద్దవై ఉంటాయి. అక్కడికి సాయంత్రం వెళ్లడం మేలు. ఉప్పుగాలికి గొలుసు త్వరగా తుప్పు పడుతుంది కనుక, పులికాట్ నుంచి తిరిగి వచ్చాక, నేలపట్టుకు బయలుదేరే ముందే సైకిళ్లను మంచినీటితో కడిగి, ఆరాక నూనె వేయండి.